విలియం వాలెస్

ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ పెత్తనాన్ని ఎదిరించిన స్కాట్లాండ్ యోధుడు. 1296లో ఎడ్వర్డ్ దండెత్తి, అక్కడి రాజు జాన్ బేలియల్‌ను గద్దె దింపాడు. మరుసటి ఏడు లానార్క్‌లో ఇంగ్లిష్ షెరీఫ్‌ను చంపడంతో వాలెస్ పేరు మారుమోగింది. 1297 సెప్టెంబరు 11న స్టిర్లింగ్ దగ్గర, ఇరుకైన చెక్క వంతెన మీదుగా శత్రుసేనలో కొంత భాగం దాటేదాకా ఓపికపట్టి, ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. ఈ గెలుపులో సమాన భాగస్వామి ఆండ్రూ మరేను జనం దాదాపు మరిచిపోయారు. 1298లో ఫాల్కిర్క్ వద్ద ఓటమి. 1305 ఆగస్టు 23న లండన్‌లో అతి క్రూరమైన మరణశిక్ష.

15వ శతాబ్దంలో బ్లైండ్ హ్యారీ రాసిన దీర్ఘకావ్యం అతణ్ని పురాణపురుషుణ్ని చేసింది. 1995 నాటి ‘బ్రేవ్‌హార్ట్’ సినిమాకు మూలం ఆ కావ్యమే. సినిమాలో స్టిర్లింగ్ యుద్ధం ఉంది గానీ, యుద్ధాన్ని గెలిపించిన వంతెనే లేదు! వాలెస్‌ను ప్రేమించినట్లు చూపిన రాకుమారి ఇసబెల్లా నిజానికి అప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న చిన్నపిల్ల.