‘దారం తెంచబడింది’ అని ఏ నేతగాడూ అనడు: స్పష్టమైన తెలుగు వాక్యం ఎలా కుదురుతుంది?

సూరత్: వజ్రాలకు, వస్త్రాలకు పేరుపొందిన ఈ గుజరాత్ నగరంలో తెలుగువారి సంఖ్య గణనీయం. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చి, లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు వీరిలో ప్రధానమైనవి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇటువంటి చోట తెలుగు రాత తరచూ అనువాదంగానే పుడుతుంది. మూలంలోని నుడికారం వెంటబడి వచ్చి తెలుగు వాక్యాన్ని బిగదీస్తుంది. నోటీసు చదివిన కార్మికుడికి అక్షరాలన్నీ తెలిసినవే, విషయం మాత్రం అందదు.

ఇందులో మొదటి ముద్దాయి కర్మణి ప్రయోగం. గుజరాతీలో అధికారిక ప్రకటనలు ‘కర్‌వామా ఆవ్యుం’ అన్న ధోరణిలో సాగుతాయి. మాటకు మాట చెప్పుకుంటే ‘చేయడంలో వచ్చింది’ అని అర్థం. హిందీలో అది ‘కియా గయా’. అక్కడ పని ‘పోతుంది’. తెలుగు ‘చేయబడింది’లోని ‘బడు’ నిజానికి ‘పడు’ ధాతువే. అంటే ఒకే పని గుజరాతీలో వస్తుంది, హిందీలో పోతుంది, తెలుగులో పడుతుంది. తేడా ఏమిటంటే, మొదటి రెండు భాషల్లో ఆ ప్రయోగం సహజం. తెలుగులో అది రాతకే పరిమితం. ‘మంత్రి ద్వారా వంతెన ప్రారంభించబడింది’ అన్న వాక్యంలోని ‘ద్వారా’ హిందీ నుంచి నేరుగా దిగిన అతిథి. ‘మంత్రి వంతెనను ప్రారంభించారు’ అంటే పొట్టిగానూ ఉంటుంది, చేసినది ఎవరో తెలుస్తుంది కూడా.

‘ప్రారంభించడం జరిగింది’ అనేది దీనికి తోబుట్టువు. ఇది కర్తను దాచడమే కాక క్రియను నామవాచకంగా మార్చి, అర్థం లేని మరో క్రియను తోక తగిలిస్తుంది. ‘జరిగింది’ తీసివేసి చూస్తే వాక్యం ఏమీ కోల్పోదు.

మరి కర్త ఎవరో తెలియనప్పుడో, చెప్పనక్కర లేనప్పుడో ఏం చేయాలి? తెలుగు వ్యాకరణం అందుకు రెండు దారులు ఇప్పటికే వేసి ఉంచింది. క్రియకు చివర చేరే ప్రత్యయమే పురుషను, వచనాన్ని చెబుతుంది కనుక ‘రోడ్డు వేశారు’ అంటే చాలు. వేసినవారి పేరు అవసరం లేదు. రెండోది ఇంకా సొగసైనది. తెలుగులో అనేక క్రియలు జంటలుగా ఉంటాయి: తెగు–తెంచు, విరుగు–విరుచు, కాలు–కాల్చు, ఆగు–ఆపు, మారు–మార్చు. మొదటిది తనంతట జరిగేది, రెండోది ఎవరో చేసేది. మగ్గం దగ్గర ‘దారం తెగింది’ అంటే ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు. ‘తెంచాడు’ అంటే తప్పు ఒకరిది. ప్రమాదంపై విచారణ నివేదిక రాసేవారికి ఈ తేడా చిన్నది కాదు. ‘యంత్రం ఆపబడలేదు’ అన్న వాక్యం యంత్రం ఆగలేదని చెబుతోందా, ఎవరూ ఆపలేదని చెబుతోందా? ఒకటి యంత్రలోపం, మరొకటి మనిషి నిర్లక్ష్యం. పరిహారం ఎవరు చెల్లించాలన్నది ఆ ఒక్క క్రియ మీద ఆధారపడవచ్చు.

వాక్య నిర్మాణంలో మరో చిక్కు విశేషణాల వరుస. తెలుగులో క్రియ చివర వస్తుంది, విశేషణం నామానికి ముందు వస్తుంది. ‘వరదలో దెబ్బతిన్న మగ్గాలున్న యజమానులు సమర్పించిన దరఖాస్తులను పరిశీలించిన అధికారులు రూపొందించిన నివేదిక ప్రభుత్వానికి చేరింది’ అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. ఊపిరి సలపదు, అంతే. దీన్ని విడదీస్తే: ‘వరదలో మగ్గాలు దెబ్బతిన్న యజమానులు దరఖాస్తు చేసుకున్నారు. అధికారులు వాటిని పరిశీలించి నివేదిక రాశారు. అది ప్రభుత్వానికి చేరింది.’ ఇక్కడ ‘పరిశీలించి’ వంటి క్త్వార్థకం ఎంతో సాయపడుతుంది. అయితే దానికీ, ముగింపు క్రియకూ కర్త ఒక్కరే కావాలి. ‘అధికారులు పరిశీలించి నివేదిక ప్రభుత్వానికి చేరింది’ అని రాస్తే పరిశీలించినది నివేదికే అన్నట్టు తేలుతుంది. హడావిడిగా రాసే వార్తల్లో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది.

‘ఎవరైతే నమోదు చేసుకోలేదో వారు’ అనే బదులు ‘నమోదు చేసుకోనివారు’ అనవచ్చు. ‘నగరం అనేక వంతెనలను కలిగి ఉంది’ అనే బదులు ‘తాపీ నదిపై చాలా వంతెనలున్నాయి’ అనవచ్చు.

పదాల ఎంపిక విషయంలో సూరత్‌కు తనదైన చరిత్ర ఉంది. 1833 ఆగస్టు 24న ఇక్కడ జన్మించిన కవి నర్మద్ ఆధునిక గుజరాతీ వచనానికి ఆద్యుల్లో ఒకరు. 1864లో ‘దాండియో’ పత్రికను ప్రారంభించారు. 1873లో ‘నర్మకోశ్’ నిఘంటువును పూర్తిగా వెలువరించారు. నగరంలోని విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆయన జయంతిని గుజరాతీ భాషా దినంగా పాటిస్తారు. మరో ఐదు రోజులకు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం వస్తుంది. అది 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి జయంతి. ప్రజలు మాట్లాడే భాషే పాఠ్యపుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపారు. సవర భాషకు నిఘంటువు కూర్చారు. వచనాన్ని చక్కదిద్దబూనిన ఈ ఇద్దరూ నిఘంటువుల పనికి పూనుకోవడం యాదృచ్ఛికమని అనిపించదు. మాటలు పోగుచేయకుండా వాక్యాన్ని బాగుచేయడం కుదరదు.

మాటలు ఎక్కడ దొరుకుతాయన్నదే అసలు ప్రశ్న. నేతపనికి సంబంధించిన అనువాదాల్లో ‘నిలువు దారాలు’, ‘అడ్డ దారాలు’ అని రాస్తారు. నేతగాళ్లకు అవి పడుగు, పేక. దారం మోసుకెళ్లేది నాడె. కాగితం మీద ‘మరమగ్గం’ అయినది సిరిసిల్లలో ‘సాంచ’. గుజరాతీలోనూ యంత్రాన్ని ‘సంచో’ అంటారు కనుక సూరత్‌లో ఆ మాట ఎవరికీ కొత్తగా తోచదు. ఇక వాటర్‌జెట్‌ను అనువదించబోవడం వృథాశ్రమ. కార్మికుడు రోజూ పలికే మాట ఇంగ్లిషుదైనా అదే తెలుగు.

సంస్కృత పదాలను, కర్మణి ప్రయోగాన్ని పూర్తిగా వెలివేయాలని దీని అర్థం కాదు. చట్టపరమైన నిర్వచనాల్లో, శాస్త్ర పరిభాషలో వాటి చోటు వాటిదే. ‘పరిహారం’, ‘విచారణ’ అన్నవి సంస్కృత పదాలైనా కార్మికులకు సుపరిచితాలు. అభ్యంతరమల్లా గోడ మీది హెచ్చరికల వంటి వాటితోనే. ‘యంత్రము చలనస్థితిలో ఉన్న తరుణమున మరమ్మతు కార్యక్రమములు చేపట్టబడరాదు’ అన్న వాక్యాన్ని రాత్రి పాళీలో నిద్రకళ్లతో చదివేసరికి చెయ్యి లోపలికి వెళ్లిపోవచ్చు. అదే హెచ్చరికను ‘సాంచ ఆగాకే చెయ్యి పెట్టండి’ అని నాలుగు మాటల్లో రాయవచ్చు.