దూరదేశపు విపత్తు, దగ్గరి గడప: తెలుగు వార్తా ఛానెళ్ల కథనరీతులు (ఉత్తర తెలంగాణ గల్ఫ్ వలస నేపథ్యం, 1990–2024)

వ్యాససంగ్రహం:
పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు వలస సాగుతున్నది. అందువల్ల అక్కడ సంభవించే యుద్ధం, వరద, అగ్నిప్రమాదం ఇక్కడి పల్లెలకు అంతర్జాతీయ వార్త మాత్రమే కాదు, ఇంటివార్త కూడా. 1990 కువైట్ ఆక్రమణ నుంచి 2024 మంగఫ్ అగ్నిప్రమాదం వరకు కొన్ని ఘటనలను ఆధారంగా చేసుకొని, విపత్తు వార్తను టెలివిజన్ అందించిన తీరు ఎలా మారిందో పరిశీలించడం, ఏ మరణం ‘బ్రేకింగ్ న్యూస్’ అవుతున్నదో, ఏది కావడం లేదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెలివిజన్, విపత్తు వార్త, గల్ఫ్ వలస, ఉత్తర తెలంగాణ, వార్తాభాష, సామీప్యం.

1. ఉపోద్ఘాతం:
‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అనేది ఉత్తర తెలంగాణ బతుకుదెరువును మూడు మాటల్లో చెప్పే నానుడి. బొంబాయి బట్టలమిల్లులకు, సింగరేణి గనులకు, ఆ తరువాత ఎడారి దేశాలకు ఈ ప్రాంతపు శ్రమ తరలిపోయింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల వంటి కొత్త పేర్లు వచ్చాయి. పేర్లు మారినా వలస దారి మారలేదు. ‘అకామా’, ‘క్యాంపు’, ‘ఖల్లివెల్లి’ వంటి మాటలు ఈ ఊళ్ల నిత్యవ్యవహారంలో కలిసిపోయాయి.

ఇటువంటి ప్రాంతంలో ‘అంతర్జాతీయ విపత్తు’ అనే మాటకు అర్థం వేరుగా ఉంటుంది. ఇక్కడి కళాశాలల్లో పాఠం చెప్పేవారికి ఇది అనుభవంలోని విషయమే. గల్ఫ్‌లో ఏదో జరిగిందన్న వార్త వచ్చిన మరునాడు, తండ్రి ఫోను కోసం ఎదురుచూసే విద్యార్థి ఒకరైనా తరగతిలో ఉంటారు. ఆ విద్యార్థి ఇంట్లో నడుస్తున్న టీవీ అతనికి ఏమి చెబుతున్నది అన్న ప్రశ్నే ఈ పరిశీలనకు ప్రేరణ. ఇది ప్రసార సమయాన్ని నిమిషాల్లో లెక్కించే పరిశోధన కాదు; కథనరీతుల చారిత్రక పరిశీలన.

2. సైద్ధాంతిక నేపథ్యం:
విదేశీ వార్త ఎలా వార్త అవుతుంది అనే అంశంపై యోహాన్ గాల్టుంగ్, మారి హోల్మ్‌బో రూగె 1965లో ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధమైనది. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా అందించాయో పరిశీలించి వారు వార్తావిలువలను సూత్రీకరించారు. ఘటన తీవ్రత, ఆకస్మికత, సాంస్కృతిక సామీప్యం అందులో ముఖ్యమైనవి. దూరపు బాధను తెరపై చూసే ప్రేక్షకుని నైతిక స్థితిని లిలీ చూలియరాకి తన 2006 నాటి గ్రంథంలో చర్చించారు. చూసేవాడు సురక్షితమైన చోట, బాధపడేవాడు దూరాన ఉంటారన్నది ఈ చర్చలకు మూలమైన ఊహ.

ఉత్తర తెలంగాణ విషయంలో ఈ ఊహ పూర్తిగా నిలవదు. ఇక్కడ చూసే తల్లికీ, ప్రమాదంలో ఉన్న కొడుకుకీ మధ్య దూరం భౌగోళికం మాత్రమే. కాబట్టి ఈ వ్యాసంలో ‘దృశ్యం’, ‘సంబంధం’ అనే రెండు ప్రమాణాలను తీసుకుంటున్నాను. తెరపై కనిపించేది దృశ్యం. చూసేవారికి ఆ స్థలంతో ఉన్న రక్తబంధువు, అప్పు, జీతం వంటి ముడి సంబంధం.

3. సంబంధం ఉండి దృశ్యం లేని కాలం (1990–91):
1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. అక్కడ చిక్కుకున్న సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశానికి చేర్చారు. నాటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ స్వయంగా బాగ్దాద్ వెళ్లి చర్చలు జరిపారు. కువైట్‌లోని తెలుగువారిలో కడప, గోదావరి జిల్లాలవారు ఎక్కువ. కానీ 1991 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇరాక్ క్షిపణులు సౌదీ అరేబియా మీద పడినప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకూ ఆ భయం పాకింది.

అప్పటికి తెలుగువారికి ఉన్న టెలివిజన్ దూరదర్శన్ ఒక్కటే. నిర్ణీత సమయంలో వచ్చే వార్తల్లో ప్రభుత్వ ప్రకటన, మంత్రి పర్యటన, విమానాల రాక వంటివి ప్రధానంగా ఉండేవి. ఊరికి కావలసిన కబురు మాత్రం ఉత్తరాల్లో, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లలో, తిరిగి వచ్చినవారి నోట చేరేది. యుద్ధాన్ని నిరంతర ప్రత్యక్ష దృశ్యంగా మార్చిన సీఎన్ఎన్ ప్రసారాలు భారతదేశంలో పెద్ద హోటళ్లకు, నగరాల కేబుల్ ఇళ్లకు చేరాయి. యుద్ధంతో ఏ సంబంధమూ లేనివారికి దృశ్యం అందింది. సంబంధం ఉన్నవారికి అందలేదు. దేశంలో కేబుల్ విస్తరణకు ఊతమిచ్చిన ఘటనల్లో ఆ యుద్ధం ఒకటి కావడం గమనార్హం.

4. దృశ్యం ఉండి సంబంధం లేని కాలం (2004):
1995లో ఈటీవీ, జెమిని టీవీల రాకతో తెలుగులో ప్రైవేటు ప్రసారాలు ఊపందుకున్నాయి. 2004లో టీవీ9 రాకతో ఇరవైనాలుగు గంటల తెలుగు వార్తలు ఇంటింటికీ పరిచయమయ్యాయి. ఆ సంవత్సరం డిసెంబరు 26న హిందూమహాసముద్రంలో సంభవించిన సునామీ రెండు లక్షలకు పైగా ప్రాణాలు బలిగొన్నది. తమిళనాడు తీరంతోపాటు ఆంధ్ర తీరంలోనూ ప్రాణనష్టం జరిగింది.

తీరానికి దూరంగా ఉన్న ఉత్తర తెలంగాణకు ఇది ప్రధానంగా దృశ్యానుభవం. పర్యాటకులు చిత్రీకరించిన అలల దృశ్యాలు పదేపదే ప్రసారమయ్యాయి. ‘సునామీ’ అనే జపాను పదం కొద్ది రోజుల్లోనే తెలుగు వాడుకలో స్థిరపడి, ఎన్నికల ఫలితాల వర్ణన దాకా వెళ్లింది. ఒక మాట ఇంత త్వరగా అలంకారంగా మారడం దృశ్యబలానికి నిదర్శనం. విపత్తు అంటే కళ్లకు కట్టేది, ఒక్కసారిగా విరుచుకుపడేది, పెద్ద సంఖ్యలో చంపేది అనే నమూనా తెలుగు వార్తా ఛానెళ్లకు ఈ కాలంలోనే బలపడిందని భావించవచ్చు.

5. కొత్త రాష్ట్రం, మోసుల్ (2014):
2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఎనిమిది రోజుల తరువాత, జూన్ 10న, ఇరాక్‌లోని మోసుల్ నగరం ఐసిస్ వశమైంది. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల కార్మికులు అప్పటికే ఇరాక్‌లో పనుల్లో ఉన్నారు. కొత్త రాష్ట్రానికి ఎదురైన తొలి విదేశీ సంక్షోభం అదే. టీ న్యూస్, వీ6 వంటి ఛానెళ్లు అప్పటికే ప్రసారంలో ఉన్నాయి.

ఈ దశలో రెండు మార్పులు కనిపిస్తాయి. మొదటిది, ‘తెలుగువారు’ అనే లెక్క ‘తెలంగాణవారు’, ‘ఆంధ్రవారు’ అని రెండుగా విడిపోయింది. రెండవది, కార్మికుని ఫోను సంభాషణ వార్తకు ప్రధాన ఆధారమైంది. విలేకరి వెళ్లలేని చోటు నుంచి కార్మికుని గొంతు వినిపించింది. అయితే ఆ గొంతును ‘భయంగా ఉందా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆపడం సాధారణమైంది. ఏజెంటు ఎవరు, వీసా ఏ రకం, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉన్నది అన్న ప్రశ్నలు అరుదు.

మోసుల్‌లో అపహరణకు గురైన 39 మంది భారతీయుల్లో పంజాబ్‌వారు అధికం. వారు మరణించారని నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ 2018 మార్చి 20న రాజ్యసభలో ప్రకటించారు. దాదాపు నాలుగేళ్లు ఆ కుటుంబాలు ఏ సంగతీ తేలని స్థితిలో గడిపాయి. అపహరణ, మరణ ప్రకటన ఈ రెండూ బ్రేకింగ్ వార్తలే. ఆ రెంటి నడుమ సాగిన నిరీక్షణకు మాత్రం బ్రేకింగ్ అనే చట్రంలో చోటు దొరకదు.

6. రెండూ ఉన్న కాలం (2024):
2024 ఏప్రిల్ 16న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత వాన కురిసింది. అల్ ఐన్ ప్రాంతంలోని ఒక కేంద్రంలో 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు నమోదైంది. నీట మునిగిన దుబాయి విమానాశ్రయం, తేలియాడే ఖరీదైన కార్లు తెరను నింపాయి. మేఘమథనమే కారణమన్న ఊహాగానం విస్తృతంగా సాగింది. శాస్త్రవేత్తలు దానిని తోసిపుచ్చారు. జగిత్యాలలోనో ఖానాపూర్‌లోనో ఉన్న కుటుంబానికి కావలసిన సమాచారం వేరు: కార్మికుల క్యాంపుల్లోకి నీరు చేరిందా, పని ఆగిన రోజులకు జీతం ఉంటుందా? దృశ్యం, సంబంధం రెండూ ఒకే నగరానికి చెందినవే అయినా కలుసుకోలేదు. కెమెరా రహదారి మీద ఉన్నది. మనవారు క్యాంపులో ఉన్నారు.

అదే సంవత్సరం జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల నివాస భవనం కాలిపోయి 45 మంది భారతీయులు మరణించారు. వారిలో అత్యధికులు కేరళవారు. ఆంధ్రప్రదేశ్ నుంచి ముగ్గురు ఉన్నారు, తెలంగాణవారు లేరు. మరణవార్తలో ‘మనవాళ్లు’ లేరని తేలగానే కథనం పలచబడడం తెలిసిన పరిణామమే. కానీ ఒకే భవనంలో దాదాపు 200 మందిని ఉంచిన పద్ధతి కువైట్‌కు, కేరళవారికి పరిమితం కాదు. కిక్కిరిసిన గదుల్లో ఉత్తర తెలంగాణ కార్మికులూ ఉంటున్నారు. ఈ మృతుల జాబితాలో మనవారు లేకపోవడం, అటువంటి గదిలో మనవారు లేకపోవడం రెండూ ఒకటి కావు. సామీప్యాన్ని రాష్ట్రం పేరుతో కొలిచే వార్తారీతి ఈ తేడాను పట్టుకోలేకపోయింది.

7. ప్రసార సంస్థల తులన:
మూడు రకాల సంస్థల్లో లెక్కింపు ప్రమాణం వేరువేరుగా ఉంటుంది. బీబీసీ, అల్ జజీరా వంటి అంతర్జాతీయ ఛానెళ్లలో మృతుడు ‘భారతీయుడు’ లేదా ‘వలస కార్మికుడు’. వాటిలో కారణాల విశ్లేషణకు ఎక్కువ చోటుంటుంది, ఊరికి మాత్రం పేరుండదు. దూరదర్శన్‌లో మృతుడు సహాయం అందుకోవలసిన ‘పౌరుడు’. రాయబార కార్యాలయం ఫోను నంబరు, అధికారిక సంఖ్య అక్కడ నమ్మకంగా దొరుకుతాయి. కానీ ప్రభుత్వం చెప్పనిది అక్కడ వినబడదు. ప్రైవేటు తెలుగు ఛానెళ్లలో మృతుడు ఫలానా మండలం, ఫలానా ఊరివాడు. ఊరి విలేకరి ఆ ఇంటిదాకా వెళ్లగలగడం వాటి గొప్ప బలం. అయితే ఆ బలం ఏడుస్తున్న తల్లి ముఖం ముందు మైకు పెట్టడంతోనే చాలాసార్లు ఖర్చవుతుంది. ఊరి పేరును అంతర్జాతీయ ఛానెల్ తరహా కారణ విశ్లేషణతో ముడిపెట్టగల అవకాశం నిజానికి తెలుగు ఛానెళ్లకే ఉన్నది.

8. విపత్తు వార్త భాష:
తెలుగు తెరపై విపత్తుకు ‘విలయం’, ‘ప్రళయం’, ‘మృత్యుఘోష’, ‘మరణమృదంగం’ అనే పదాలు స్థిరపడ్డాయి. పురాణ పరిభాషలో ప్రళయం కల్పాంతంలో జరిగే లయం. దానికి బాధ్యుడైన యజమాని ఉండడు, తనిఖీ చేయని అధికారి ఉండడు. మంగఫ్ వంటి ఘటనను ఈ మాటతో వర్ణించినప్పుడు మనిషి చేసిన తప్పు దైవికంగా ధ్వనిస్తుంది.

రెండవ అంశం మాండలికానిది. వీ6 ‘తీన్మార్’ వంటి కార్యక్రమాలతో తెలంగాణ పలుకుబడి వార్తల్లోకి వచ్చింది. కానీ అది ప్రధానంగా వ్యంగ్యానికి, సరదాకు వాహకమైంది. విషాదవార్త మాత్రం ఎక్కువగా ప్రామాణిక భాషలోనే నడుస్తున్నది. ‘మా కొడుకు పైసలు పంపక మూడు నెలలాయె’ అని ఊరు చెప్పుకునే భాషలో కారణం ఉంటుంది; స్క్రోలింగ్ భాషలో ఫలితం మాత్రమే ఉంటుంది.

9. బ్రేకింగ్ కాని విపత్తు:
గల్ఫ్ దేశాల్లో ఏటా వేల సంఖ్యలో భారతీయులు మరణిస్తున్నట్లు పార్లమెంటులో ఇచ్చే సమాధానాలే తెలుపుతున్నాయి. వీరంతా ఒకే రోజున, ఒకే చోట చనిపోరు. నిద్రలో ఆగిన గుండె, ఎండదెబ్బ, రోడ్డుప్రమాదం, ఆత్మహత్య వంటి కారణాలతో ఒక్కొక్కరుగా పోతారు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి అంబులెన్స్‌లో ఊరికి చేరే శవపేటికకు తీవ్రత, ఆకస్మికత అనే వార్తావిలువలు లేవు. అది జిల్లా పేజీలో చిన్న వార్తగా మిగిలిపోతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని నిర్ణయించింది. అంటే విడివిడి మరణాలను ఒక సామూహిక నష్టంగా ప్రభుత్వ పత్రం గుర్తించింది. వార్తా తెర ఇంకా ఆ గుర్తింపునకు రాలేదు. 1990లో సంబంధం ఉండి దృశ్యం లేని స్థితిని చూశాము. ఇన్ని కెమెరాల కాలంలోనూ ఈ మరణాల విషయంలో అదే స్థితి కొనసాగుతున్నది.

ముగింపు:
1. విదేశీ విపత్తు వార్తలో 1990 నుంచి 2024 నాటికి దృశ్యం విపరీతంగా పెరిగింది. కానీ ఆ దృశ్యం సంబంధం ఉన్న చోటును చూపడం లేదు.
2. ‘మృతుల్లో తెలుగువారు’ అనే ప్రమాణం సామీప్యాన్ని మరణానికి మాత్రమే పరిమితం చేస్తున్నది. పని పరిస్థితుల సామీప్యం అంతకన్నా విస్తృతమైనది.
3. పురాణ పదజాలంతో కూడిన వర్ణన మానవ బాధ్యతను మరుగుపరుస్తున్నది. భాషాశాస్త్ర, సాహిత్య విభాగాలు వార్తాభాషను ఈ దృష్టితో పరిశోధించవలసి ఉన్నది.
4. గల్ఫ్ మరణాల వార్తలను జిల్లాలవారీగా సేకరించి భద్రపరచడం ఉత్తర తెలంగాణ కళాశాలలు తక్షణం చేపట్టదగిన పని. ఒక్కొక్కటిగా వచ్చిన చిన్న వార్తలను ఒకచోట పేర్చినప్పుడే, ముప్పై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ విపత్తు పరిమాణం మన కంటికి కనిపిస్తుంది.