మార్లవాయి: అడవి గీతల నడుమ ఒక ఊరు

ఉత్తరాన పెన్‌గంగ, దక్షిణాన గోదావరి. ఈ రెండు నదుల మధ్య సహ్యాద్రి కొసకొమ్మలు పరుచుకున్న ఎగువ నేలలో, ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ఉంది మార్లవాయి. 2016లో జిల్లాలు విడిపోయాక కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూరు మండలం కిందికి వచ్చింది. చుట్టూ టేకు, ఇప్ప చెట్ల అడవి. పల్లపు చేలల్లో నల్లరేగడి, గుట్టల వాలున తేలికపాటి ఎర్రనేల. పండేది జొన్న, పత్తి. జనాభా లెక్కల్లో చిన్న ఊరే. కానీ రాజ్‌గోండుల గత చరిత్రలో ప్రతి మలుపూ ఈ ఊరి పొలిమేర తొక్కే పోయింది.

గోండులు ఒకప్పుడు ఈ నేలకు పాలకులు కూడా. చాందా గోండు రాజుల ఏలుబడి 1751లో భోంస్లేల చేతిలో ముగిసింది. రాజ్యం పోయినా ఊరి కట్టుబాటు చెదరలేదు. ఊరికి పట్లా, పూజకు దేవారి, గోత్రానికో పెర్సాపేన్ అనే దేవుడు. ఆ గోత్రకథలను కింగ్రి వాయిస్తూ పాడే ప్రధాన్‌లు తరాల చరిత్రను నోటనే మోశారు. రాత లేని జాతికి చరిత్ర లేదనే వాళ్లు ఒక్క రాత్రి ఆ పాట వినాలి.

ఊరి బతుకును తలకిందులు చేసింది యుద్ధం కాదు, అడవిలో గీసిన గీత. ఎర్రనేలను కొన్నేళ్లు దున్ని, సారం తగ్గగానే బీడు వదిలి పక్క చెలకకు పోవడం గోండుల సేద్యం. బీడు మళ్లీ బలం పుంజుకున్నాక తిరిగి వచ్చేవారు. నిజాం సర్కారు రిజర్వు అడవులకు హద్దులు గీసినప్పుడు ఆ బీళ్లన్నీ అడవి లెక్కలో కలిసిపోయాయి. తాతలు దున్నిన చేనుకు మనుమలు చొరబాటుదారులయ్యారు. మైదానాల నుంచి వచ్చి, కాగితం చదవగలిగిన వాళ్ల పేరిట పట్టాలు అయ్యాయి. ఆ కడుపుమంటే గోండు వీరుడు కొమురం భీంను తిరుగుబాటుకు నడిపింది. 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసుల తూటాలకు ఆయన నేలకొరిగాడు.

తిరుగుబాటును అణచినా, అది ఎందుకు లేచిందో తెలుసుకోక తప్పలేదు సర్కారుకు. అప్పటికి హైదరాబాద్ రాజ్యంలో చెంచులపై పరిశోధన చేసిన వాడొకడున్నాడు. 1909లో వియన్నాలో పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఆయన పాస్‌పోర్టు శత్రుదేశానిది. అయినా గోండుల స్థితిగతులు చూసి చెప్పమని ఆయననే పంపారు. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ కాపురం పెట్టింది మార్లవాయిలో. సొంత కొడుకు నికొలస్‌కు ఈ ఊరి పట్లా పేరు మీద లచ్చు పటేల్ అని కూడా పేరు పెట్టుకున్నారు.

ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు దొర మంచితనం దగ్గరే ఆగిపోతారు. అసలు పని ఊరివాళ్లది. తమ భాష, వంశాలు, దేవుళ్లు, భూమి తగాదాలు ఓపిగ్గా విప్పి చెప్పింది వాళ్లే. వాళ్ల మాటలే నివేదికలై, 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' పుస్తకమయ్యాయి. నిజాం సర్కారులో రెవెన్యూ బాధ్యతలు చూసిన గ్రిగ్సన్ అంతకుముందే బస్తర్ మరియా గోండులపై పుస్తకం రాసినవాడు కాబట్టి ఆ నివేదికలు బీరువాలో మగ్గలేదు. వేల కుటుంబాల చేతికి పట్టాలు వచ్చాయి.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచారు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. పిల్లవాడి చదువు వాడి అమ్మ మాటతోనే మొదలవ్వాలని ఎనభై ఏళ్ల కిందటే ఈ అడవిలో ఆచరించి చూపించారు. ఇక్కడ శిక్షణ పొందిన గోండు యువకులే చుట్టుపక్కల గూడేలకు తొలి పంతుళ్లు. నన్నడిగితే ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే.

వచ్చిన భూమి తర్వాతి ముప్పై ఏళ్లలో మళ్లీ జారిపోయింది. అప్పులు, కౌళ్లు, బినామీలు. భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చి, 1970లో గట్టిపడ్డా, అమలు కాగితం దాటలేదు. డెబ్బైల్లో తిరిగి వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్ ఆ వేదనంతా 1982 నాటి పుస్తకంలో రాశాడు. అంతకు ముందే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల సభ నెత్తురోడింది. పోలీసు కాల్పుల్లో చనిపోయినవారు పదముగ్గురని సర్కారు అంది. హక్కుల సంఘాలు అరవై దాకా అన్నాయి.

బెట్టి 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న ఊరు ఆ ఇద్దరికీ నివాళి అర్పిస్తుంది.

అయితే ఈ ఊరి పేరు సమాధులతోనే నిలవలేదు. దీపావళి దండారీ రోజుల్లో ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర, తలపై వందల నెమలి ఈకలు గుచ్చిన బరువైన టోపీతో గుస్సాడీలు పెప్రె, డప్పుల మోతకు అడుగు వేస్తారు. ఆ ఆటను పిల్లలకు నేర్పి, ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లోనే ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్లిన కనకరాజుది మార్లవాయే. 2021లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024 అక్టోబరులో వెళ్లిపోయాడు.

ఇక భూమి విషయానికొస్తే, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా హక్కు పత్రాలు ఇస్తామన్నారు. మంచిదే. కానీ పట్టా చదివి, దాన్ని నిలుపుకోగల తరం కావాలంటే బడి కావాలి, ఆ బడిలో గోండి కావాలి. దగ్గరలోని గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇక సాకు లేదు. ఐటీడీఏ, విద్యాశాఖ గోండి వాచకాలను మళ్లీ అచ్చువేయించి, మొదటి ప్రతులు మార్లవాయి బడికే పంపాలి.