దైన్యము, వినయము: దోర్నకల్ క్రైస్తవ చరిత్ర వెలుగున ఒక పరిశీలనము

క్రైస్తవ ధర్మమున వినయమునకు గల స్థానమును గూర్చి దైవశాస్త్రజ్ఞులు విస్తరించి వ్రాసియున్నారు. ఆ చర్చ మాకిచట ప్రస్తుతము కాదు. ఆ గుణము తెలుగు మాటలలోనికి వచ్చి, తెలుగువారిలో ఎవరికి ఏ యర్థము నిచ్చినదో చూచుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందు మాట సంగతి. గ్రీకు మూలమున ఈ గుణమునకు ‘టపైనోఫ్రోసునే’ యని పేరు. ‘టపైనోస్’ అనగా నేలబారైనది, హీనమైనది. క్రైస్తవమునకు పూర్వపు గ్రీకులు దీనిని తరచుగా నిందార్థముననే వాడిరి. బానిసకు తగిన స్వభావమని వారి భావము. అట్టి మాటను సుగుణవాచకముగా నిలిపినవారు తొలి క్రైస్తవులు. విరివిగా చదువబడు తెలుగు బైబిలులో ఈ యొక్క పదమునకే రెండు రూపములు కనబడును: ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ యధ్యాయమున ‘వినయము’, పేతురు మొదటి పత్రిక యైదవ యధ్యాయమున ‘దీనమనస్సు’. ఈ భేదమును మేము చిన్నదిగా నెంచము. వినయము ‘నీ’ ధాతువునుండి పుట్టినది. శిక్షణచే అలవడిన నడవడి దాని మూలార్థము. విద్యావంతునకు భూషణమని నీతికారులు చెప్పునది ఇదియే. దీనత యన్ననో లేమి, దురవస్థ, పరాధీనత స్ఫురించును. ప్రపత్తిమార్గమున కార్పణ్యము శరణాగతికి అంగము గనుక, దైవము నెదుట దీనుడగుట మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. కాని పల్లెలో సాటి మనుష్యుని యెదుట అనుభవించిన దైన్యము వేరు.

ఈ వేరు తెలియవలెనన్న దోర్నకల్ చరిత్ర చూడవలెను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిన తమిళుడు. 1909లో నిజాము రాజ్యమునందలి దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడాయనయే. ఆయన మందలో అధికసంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబములవారు. తరతరములుగా దారి తొలగి, తలవంచి నిలిచినవారికి తగ్గింపును బోధించుట యెట్లు? ఇంకను తగ్గుటకు వారికి మిగిలిన దేమి?

అజరయ్య ఈ ప్రశ్నను మొదట పైవారివైపే త్రిప్పెను. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఐరోపా మిషనరీల త్యాగమును కొనియాడుచునే, దేశీయ క్రైస్తవులకు వారినుండి కావలసినది స్నేహమని నిర్మొగమాటముగా చెప్పెను. ఆ మాట సభలో కొందరికి రుచింపలేదు. దానధర్మములు చేయుటకంటె సమానుడై ప్రక్కన కూర్చుండుట కష్టతరము. పెద్దవాని వినయమునకు పరీక్ష అదియే యని మా తలంపు.

ఇక క్రిందివారి మాట. అజరయ్య బాప్తిస్మము పొందినవారిచే తలపై చేయి నుంచి, సువార్త చెప్పుట తమ విధి యని పలికించెడివాడు. ఊరిలో నోరు విప్పుటకు హక్కులేనివానికి చెప్పవలసిన మాట యొకటి దొరికినది! బీద సంఘములు సైతము కానుక లీయవలెనని పట్టుబట్టి, క్రైస్తవుని యీవిని గూర్చి గ్రంథమే వ్రాసెను. పుచ్చుకొనుటయే యెరిగిన చేతికి ఇచ్చుట నేర్పినచో దైన్యము సడలును. అటు పిమ్మట అలవడు తగ్గింపు మాత్రమే వినయమనదగును. అయితే ఇది సంపూర్ణముగా ఫలించెనని చెప్పజాలము. మాల మాదిగల నడుమ భేదము సంఘములోనికిని వచ్చినది. దానితో ఆయన పెనగులాడవలసివచ్చెను. సామూహిక మతాంతరీకరణమును గూర్చి 1930లలో గాంధీజీకిని ఆయనకును గల అభిప్రాయభేదము వేరొక వ్యాసమునకు తగిన విషయము.

1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమున హిందూ, మహమ్మదీయ వాస్తురీతులు కలసియున్నవి. పరదేశపు గోపురమును యథాతథముగా నిలుపక, ఈ నేల శిల్పమునకు చోటిచ్చుటయు ఒక విధమగు వినయమే. అజరయ్య 1945 జనవరి 1న మరణించెను.

హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతములు జిల్లాలనుండి వచ్చి స్థిరపడినవారితో పెరిగినవి. పల్లె విడిచి, చదివి, ఉద్యోగము చేయువారి నోట ‘దీనమనస్సు’ నేడే యర్థమున నున్నదో, ప్రసంగములలో బోధకులు దానిని ‘వినయము’తో ఎట్లు జతపరచుచున్నారో, పరిశోధకవిద్యార్థులు విని సేకరింపదగియున్నది.