గోడ మీది బొమ్మకి నంబరు లేదు

మనుబోలు ఎక్కడుందని అడిగితే నెల్లూరుకీ గూడూరుకీ మధ్య అని చెప్తాం. మా ఊరి గుర్తింపు ఎప్పుడూ పక్క ఊళ్ల పేర్లతోనే. ఈ మాట ఇక్కడ ఎందుకంటే, నేను చెప్పబోయే మనిషికి ఆ మాత్రం గుర్తింపు కూడా మిగల్లేదు.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా వైపు ఒక చిన్న గ్రంథాలయంలో పిల్లల బొమ్మలు గోడలకి అంటించారు. వాటి మధ్యలో, షాపుల బోర్డులు రాసుకునే ఒక పెయింటరు వేసిన తిక్కన బొమ్మ పెట్టారు. పదమూడో శతాబ్దపు కవి ముఖం ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? ఆ తిక్కన అచ్చం మా వైపు కరణం గారిలా ఉన్నాడు. చెవిలో కలం, కళ్లలో లెక్కలు. పెద్దవాళ్లు నవ్వారు. నాకు మాత్రం తిక్కన మొదటిసారి నెల్లూరు మనిషిలా కనిపించాడు.

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్తే బొమ్మ లేదు. అడిగితే ఒకరిద్దరికి బొమ్మ గుర్తుంది కానీ, వేసిందెవరో గుర్తు లేదు. సిగ్గుగా ఉన్నా ఒప్పుకోవాలి, నాకూ గుర్తు లేదు.

అదే గదిలో అట్ట ఊడిన పాత నవలకి మాత్రం పూర్తి చరిత్ర ఉంది. గ్రంథాలయానికి పుస్తకం రాగానే రిజిస్టర్‌లో ఒక వరస సంఖ్య, రచయిత పేరు, వచ్చిన తేదీ, కొన్నదా విరాళమా అన్నది రాస్తారు. చిత్రకళ గురించిన పుస్తకమైతే డ్యూయీ పద్ధతిలో 750 దగ్గర చోటు కూడా దొరుకుతుంది. చిత్రకళ గురించి రాస్తే నంబరు ఉంది, చిత్రం వేస్తే లేదన్నమాట. డేటాబేసులతో బతికే నాలాంటివాడికి ఇది వెంటనే తడుతుంది. రికార్డు లేని వస్తువు పోయినా, పోయినట్టు ఎవరికీ తెలియదు.

మన గ్రంథాలయోద్యమం మొదట్లోనే పుస్తకం దగ్గర ఆగిపోయిందనుకుంటే పొరపాటు. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అప్పటికే దేశంలో బరోడా నమూనా ఉంది. శాయాజీరావు మహారాజు 1910లో అమెరికా నుంచి బోర్డెన్‌ను పిలిపించి గ్రంథాలయ శాఖను నిర్మించుకున్నారు. చదువు రానివాళ్ల కోసం అక్కడ బొమ్మలు చూపించే విభాగం కూడా నడిచింది. మా జిల్లా 1953 దాకా మద్రాసు కిందే ఉండేది కదా. ఆ మద్రాసులో కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచింది మ్యూజియం ఆవరణలోనే. పుస్తకం, శిల్పం, చిత్రం అన్నీ ఒకే ప్రహరీ లోపల.

తర్వాత చట్టాలొచ్చాయి. 1948లో మద్రాసు చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. శాఖలూ జీతాలూ పత్రికలూ దాని మీదే ఆధారపడ్డాయి. చిన్న మాట కాదిది. కానీ గోడ మీది బొమ్మ మాత్రం వారోత్సవాల అలంకరణగానే మిగిలింది.

నిలిచిన వస్తువులు లేవా? వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, 1929లో గాంధీ అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రని ఇప్పటికీ అక్కడ దాచుకున్నారు. ముప్పై ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు బొమ్మలు, రాజమండ్రిలో ఆయన పేరిటున్న గ్యాలరీలో ఉన్నాయి. ఇవి పెద్ద పేర్లు కాబట్టి నిలిచాయి అనొచ్చు. సగం నిజమే. మిగతా సగం, ఎవరో ఒకరు ఇది ఫలానావారిది అని చెప్పి ఒకచోట పెట్టారు. దామెర్ల విషయంలో ఆ పని చేసింది ఆయన భార్య, మిత్రులు. బోర్డుల పెయింటరుకి అలాంటి మిత్రులు లేరు. ఉండాల్సింది ఊరి గ్రంథాలయమే.

వెంకటగిరి జామ్‌దానీ నేత, ఉదయగిరి చెక్క గరిటెలు, కాళహస్తి కలంకారీ, ఇవన్నీ మనుబోలు నుంచి ఒక పూట ప్రయాణం. వాటికి ఊరి పేరుతో గౌరవం దక్కింది, మంచిదే. అయితే చేసిన చేతి పేరు అక్కడా సులువుగా దొరకదు.

గ్యాలరీ కట్టమని అడగడం లేదు నేను. నలభై రూపాయల లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు. బొమ్మ, వేసినవారి పేరు, ఊరు, సంవత్సరం, పక్కన ఫోన్లో తీసిన ఫొటో ప్రింటు. వచ్చే నవంబరులో అలాంటి పుస్తకమొకటి పట్టుకుని వెళ్దామనుకుంటున్నాను. మొదటి పేజీలో ఒక వరస రాసిపెట్టాను: తిక్కన, రంగుల బొమ్మ. వేసినవారి పేరు దగ్గర ఖాళీ వదిలాను.