పేరూ ఓటూ: సూరత్ నుంచి సెయింట్ డెనిస్ దాకా

2024 ఏప్రిల్ నెలాఖరులో సూరత్ వెళ్లాను. ఎన్నికల వార్తల కోసం వెళ్లిన నాకు అక్కడ ఎన్నికే దొరకలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషనూ, ఆయనకు ప్రత్యామ్నాయంగా వేసిన నామినేషనూ తిరస్కరణకు గురయ్యాయి. బరిలో మిగిలినవారు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా గెలిచినట్టు ప్రకటించారు. గుజరాత్‌లో పోలింగ్ మే 7న. అంటే రెండు వారాల ముందే సూరత్ ఓటరు పని ముగిసిపోయింది.

పని లేని విలేకరికి ఊరు చూడడమే పని. మొదట మొఘల్‌సరాయ్ చూశాను. 1644లో, షాజహాన్ కాలంలో, హజ్ యాత్రికుల బస కోసం కట్టిన భవనం అది. ఇప్పుడు నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం. మొఘల్ సామ్రాజ్యానికి మక్కా వాకిలి సూరతే. అక్కడి నుంచి లింబాయత్ వెళ్లాను. దుకాణాల బోర్డుల మీద గుజరాతీ, హిందీ, మరాఠీల మధ్య తెలుగు అక్షరాలు కనిపించే పేట అది. తెలంగాణ జిల్లాల నుంచి తరాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడి సాంచాల మీద బతుకుతున్నాయి. చేమగ్గం కూలిన చోటు నుంచి మరమగ్గం నడిచే చోటికి, అంటే షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు, నేతగాడు నడిచిన దారి మనకు కొత్తది కాదు.

ఒక టీ కొట్టు దగ్గర యాభై దాటిన నేతన్న ఒకాయన కలిశాడు. ఎన్నిక లేకుండా పోయినందుకు ఎలా ఉందని అడిగాను. ఆయన నవ్వాడు. "మేముండేది సూరత్‌ల సార్, మా ఓటు మాత్రం నవ్‌సారికి పోతది" అన్నాడు. నిజమే, లింబాయత్ అసెంబ్లీ స్థానం నవ్‌సారి లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. తర్వాత ఆయనే ఇంకో మాట అన్నాడు. "ఈడ మమ్ముల తెలుగోళ్లంటరు. ఊరికి పోతే సూరతోళ్లంటరు. ఇంతకు మేమెవరం సార్?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ సాయంత్రమే దానికి ఒక దారి కనబడింది. తాపీ నదికి అవతలి ఒడ్డున రాందేర్ ఉంది. సూరత్ కన్నా పాత రేవు అని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అక్కడ ఒక పాత ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి, తన తాతగారి అన్నదమ్ముల సంతానం ఎక్కడుందో వేళ్ల మీద లెక్కపెట్టాడు. రంగూన్, దర్బన్, చివరగా సెయింట్ డెనిస్. చివరి పేరు వినగానే నాకు యానాం గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ ద్వీపానికి మనవాళ్లు కూడా వెళ్లారు.

మరుసటి ఏడాది ఆ ఊరు చూశాను.

హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున, అగ్నిపర్వతాలు పైకెత్తిన ద్వీపం రీయూనియన్. మూడు వేల మీటర్లకు పైబడిన పితోన్ దె నేజ్ చల్లారి చాలాకాలమైంది. ఆగ్నేయాన ఉన్న పితోన్ ద లా ఫూర్నేజ్ మాత్రం ఇప్పటికీ తరచుగా లావా కక్కుతూనే ఉంటుంది. సెయింట్ డెనిస్ ఉత్తర తీరాన, కొండ పాదానికీ సముద్రానికీ మధ్య ఇరుకుగా కూర్చున్న పట్నం. ఒడ్డున ఇసుకకు బదులు నల్లని గుండ్రాళ్లు. అల వెనక్కి వెళ్లేటప్పుడు అవి ఒకదానినొకటి రాసుకునే చప్పుడు ఊళ్లోకి వినిపిస్తుంది. చట్టప్రకారం ఇది ఫ్రాన్సు. పోస్టాఫీసు, పోలీసు, యూరో నోటు అన్నీ పారిస్‌లో ఉన్నవే.

ఈ పట్నానికీ సూరత్‌కూ మచిలీపట్నానికీ పుట్టుక దాదాపు ఒకటే. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మనుషులు 1665లో ఈ ద్వీపంలో స్థిరపడ్డారు. అప్పట్లో దీని పేరు బోర్బన్. 1668లో ఫ్రాన్స్వా కరోన్ సూరత్‌లో కంపెనీకి భారతదేశంలోని తొలి వర్తక స్థావరం నెలకొల్పాడు. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో మరొకటి వెలిసింది. తెలుగువాళ్లు ఫ్రెంచివాళ్లను పరాసులనేవారు. బందరులో పరాసుపేట అన్న పేరు ఆనాటి గుర్తే. అదే 1669లో ద్వీపపు తొలి పాలకుడు ఎతియెన్ రెన్యో సెయింట్ డెనిస్‌కు పునాది వేశాడు. సూరత్, బందరు స్థావరాలు చివరిదాకా ఫ్రెంచివాళ్ల కాగితాల మీద మిగిలే ఉన్నాయి. వాటిని 1947 అక్టోబరులో స్వతంత్ర భారతదేశానికి అప్పగించారు. యానాం మాత్రం 1954 దాకా ఆగాల్సి వచ్చింది.

సెయింట్ డెనిస్ నడిబొడ్డున, మరేషల్ లెక్లెర్క్ వీధిలో, బట్టల దుకాణాల వరుస మధ్య నూర్-ఎ-ఇస్లాం మసీదు ఉంది. దాన్ని 1905లో ప్రారంభించారు. పారిస్ మహామసీదు 1926 నాటిది. అంటే ఫ్రెంచి రాజధానికి ఇరవయ్యొక్క ఏళ్ల ముందే ఈ ద్వీపానికి మసీదు వచ్చింది. కట్టించినవారు సూరత్ పరిసరాల నుంచి వచ్చిన సున్నీ వర్తకులు. పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో సొంత ఖర్చుతో టికెట్టు కొనుక్కుని వచ్చి, బట్టల వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. స్థానిక క్రియోల్‌లో వాళ్లను జరాబ్‌లు అంటారు. అరబ్బులు అన్న మాటకు రూపాంతరమది. ముస్లిం కాబట్టి అరబ్బు అయి ఉండాలన్నది ద్వీపం చేసిన లెక్క. గుజరాతీ మాట్లాడే తాపీ తీరపు మనిషికి అలా ఎడారి పేరు అంటుకుంది.

రెండో దారి చూడాలంటే పట్నం దాటి పడమటికి వెళ్లాలి. సముద్రం మీదుగా కట్టిన కొత్త వంతెన గ్రాంద్ షలూప్ అనే లోయ దగ్గర దిగుతుంది. ఆ లోయలో లాజరెట్ ఉంది. అంటే ఓడ దిగిన కూలీలను ఊళ్లోకి రానివ్వకుండా కొన్నాళ్లు ఆపి ఉంచిన చోటు. 1859లో ద్వీపాన్ని కలరా ఊడ్చేసిన తర్వాత 1860 ప్రాంతంలో దీన్ని కట్టారు. ఇప్పుడు మరమ్మతు చేసి సందర్శకులకు చూపిస్తున్నారు. నల్లరాతి గోడలు, పొడవాటి కొట్టాలు, వెనుక కొండ, ముందు కడలి. మసీదు వీధి నుంచి ఇక్కడికి కారులో కొద్ది నిమిషాలే. అప్పట్లో ఆ కొద్ది దూరమే ఇద్దరు భారతీయుల మధ్య తేడా. టికెట్టు కొన్నవాడు వర్తకుడు. వేలిముద్ర వేసినవాడు కూలీ.

ఆ వేలిముద్రల చరిత్ర మనవాళ్లతోనే మొదలైంది. భారతీయ ఒప్పంద కూలీల కథను సాధారణంగా 1834 నవంబరు 2 నుంచి చెబుతారు. అట్లాస్ అనే ఓడ మారిషస్ చేరిన రోజది. ఆ రేవు మెట్లకు 2006లో యునెస్కో వారసత్వ హోదా కూడా దక్కింది. కానీ అంతకు ఆరేళ్ల ముందే, 1828లో, యానాం నుంచి పదిహేను మంది తెలుగు కూలీలను ఫ్రెంచి తోటల యజమానులు బోర్బన్ ద్వీపానికి తీసుకెళ్లారు. ఫ్రెంచి కాగితాల్లో వాళ్ల పేరు తెలింగాలు. రెండేళ్లలో ఆ సంఖ్య సుమారు మూడు వేలకు చేరింది. బానిసలతో చెరకు పండించడానికి అలవాటు పడిన తోటలవి. జీతానికి వచ్చిన మనిషితో ఎలా మెలగాలో వాటికి తెలియలేదు. దెబ్బలు, చేతికందని జీతాలు, ఫిర్యాదులు. కొద్ది కాలానికే ఆ ప్రయత్నం విఫలమై, చాలామంది తిరిగొచ్చేశారు.

వాళ్లు తిరిగొచ్చిన గోదావరి సీమ కూడా పచ్చగా లేదు. 1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును ముంచెత్తింది. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి తీరమంతటా మగ్గాలను ఆపేసింది. మరోవైపు 1848 డిసెంబరు 20న రీయూనియన్‌లో బానిసత్వం రద్దయి, అరవై వేల మందికి పైగా విడుదలయ్యారు. తోటలకు మళ్లీ చేతులు కావలసి వచ్చాయి. ఫ్రెంచి రేవుల నుంచి ఓడలు మళ్లీ కదిలాయి. 1860లో బ్రిటన్, ఫ్రాన్సు ఒప్పందం చేసుకున్నాక బ్రిటిష్ ఇండియా నుంచి కూడా కూలీలు బయలుదేరారు. కూలీలపై దుర్మార్గాల గురించి ఫిర్యాదులు పేరుకుపోయి, 1882లో బ్రిటన్ ఈ వలసను ఆపేసేనాటికి లక్ష మందికి పైగా భారతీయులు ఈ నల్లరాతి తీరాన దిగారు.

వాళ్లలో ఎక్కువమంది తమిళులు. తెలుగువాళ్లు కొద్దిమంది. అందరికీ ద్వీపం పెట్టిన పేరు ఒక్కటే: మల్బార్. మలబారు తీరంతో వాళ్లలో చాలామందికి ఏ సంబంధమూ లేదు; వచ్చింది కోరమాండల్ తీరం నుంచి. వర్తకుడి పేరు తప్పే, కూలీ పేరూ తప్పే. అయితే వర్తకుడు తప్పు పేరు కిందనే తన ఊరిని దాచుకోగలిగాడు. ఉత్తరాలు రాశాడు, పెళ్లి సంబంధాలకు సూరత్ వచ్చాడు, మసీదు కట్టాడు. అందుకే రాందేర్ అరుగు మీది పెద్దమనిషికి ఇంకా బంధువుల లెక్క తెలుసు. యానాం నుంచి వెళ్లినవాడికి ఉత్తరం రాసేవాడూ లేడు, చదివి చెప్పేవాడూ లేడు. అతని మనవడు మల్బార్ అయ్యాడు. గుడిలో నిప్పుల మీద నడుస్తాడు, ఇంట్లో క్రియోల్ మాట్లాడతాడు. తన ముత్తాత తెలుగువాడో తమిళుడో చెప్పగల ఆధారం అతనికి పాత దస్తావేజుల్లో తప్ప ఎక్కడా దొరకదు.

ఇక్కడ పక్క ద్వీపం వైపు చూడక తప్పదు. మారిషస్ రెండువందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అదీ అగ్నిపర్వతపు ద్వీపమే, అదీ ఒకప్పుడు ఫ్రెంచివాళ్లదే. 1810లో బ్రిటన్ రెండింటినీ గెలుచుకుంది. నెపోలియన్ యుద్ధాలు ముగిసినప్పుడు బోర్బన్‌ను ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చి, మారిషస్‌ను తనే ఉంచుకుంది. యూరప్‌లో జరిగిన ఆ పంపకం కోరంగి కూలీల మనవల పేరును కూడా నిర్ణయించింది. మారిషస్‌లో తెలుగువాళ్లు ఇప్పటికీ తెలుగువాళ్లే. ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. బడిలో తెలుగు నేర్పుతారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. వాళ్లు కూడా ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోలే. భాష నాలుక మీద పలచబడినా పేరు రాజ్యం కాగితం మీద నిలిచింది.

మారిషస్ దారే సరైనదని చెబితే కథ సులువుగా ముగుస్తుంది. కానీ మరో వైపు కూడా చూడాలి. మారిషస్‌లో రాజ్యాంగమే అభ్యర్థులను సముదాయాలుగా లెక్కగట్టి కొన్ని సీట్లు పంచుతుంది. ఆ లెక్క జనాన్ని విడదీస్తున్నదన్న తగవు ఇంకా తెగలేదు. ఫ్రాన్సు జనాభా లెక్కల్లో జాతి అడగదు, మతం అడగదు. 1946లో రీయూనియన్ వలస రాజ్యం హోదా వదిలి ఫ్రాన్సులో ఒక జిల్లాతో సమానమైంది. కూలీల వారసులు పూర్తి పౌరులుగా ఓటేశారు, ఎన్నికయ్యారు. సెయింట్ ఆండ్రే మేయరుగా, ఫ్రెంచి సెనేటరుగా పనిచేసిన జాన్-పోల్ విరాపుల్లే ఇంటిపేరు వింటే చాలు, ఆ దారి ఎక్కడి నుంచి మొదలైందో తెలుస్తుంది. ఒక ద్వీపం పేరు నిలిపింది, ఆ పేరునే ఓటు లెక్కలోకీ లాగింది. ఇంకొకటి ఓటు ఇచ్చింది, పేరు అడగడం మానేసింది. రెండు చోట్లా మనిషి ఏదో ఒకటి వదులుకున్నాడు.

ఆ తూకంతోనే మళ్లీ లింబాయత్ వైపు చూస్తున్నాను. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. వలస వచ్చినవాడి భాషలో బడి పెట్టిన ఊరికి నమస్కారం పెట్టాల్సిందే. సొంత రాష్ట్రాల్లో తెలుగు మాధ్యమాన్ని వదిలించుకోవడానికి తొందరపడుతున్న మన ప్రభుత్వాలు ఒకసారి అక్కడికి వెళ్లి చూడాలి. మరో వైపు, అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చట్టం చేసిన దేశమే 2020 లాక్‌డౌన్‌లో ఆ కార్మికుల లెక్క చెప్పలేకపోయింది. సొంతూళ్లకు పంపమని సూరత్ వీధుల్లోకి వచ్చిన కూలీలను టీవీల్లో చూసి దేశం ఆశ్చర్యపోయింది. వాళ్లు అక్కడ ఉన్నారన్న సంగతి అప్పుడే తెలిసినట్టు.

ఆ నేతన్న ఓటరు జాబితాలో ఉన్నాడు. అతని బిడ్డలకు తెలుగు బడి ఉంది. యానాం నుంచి 1828లో ఓడ ఎక్కిన పదిహేను మందికి ఈ రెండింటిలో ఒక్కటీ లేదు. అయితే ఇవి వాటంతటవే నిలబడవు. పిల్లలు లేరని ఒక తరగతి మూతపడినప్పుడు, అభ్యర్థులు తప్పుకుని ఒక పోలింగ్ రద్దయినప్పుడు, ఎవరూ పెద్దగా గొడవ చేయరు. రీయూనియన్‌లో తెలింగా అన్న మాట కూడా అలాగే, ఎవరూ నిషేధించకుండానే, కాగితాల్లోంచి జారిపోయింది.

"ఇంతకు మేమెవరం సార్?" అని అడిగిన మనిషికి చరిత్ర తెలిసిన ఎవరైనా చెప్పగల జవాబు ఒక్కటే. అది నువ్వొక్కడివే తేల్చుకునే సంగతి కాదన్నా. నీ ఊరు నిన్ను ఏ పేరుతో గుర్తుపెట్టుకుంటుందో, నువ్వు బతుకుతున్న నగరం నీ ఓటును ఎంతగా లెక్కచేస్తుందో, వాటిని బట్టి నీ మనవడు దాన్ని తెలుసుకుంటాడు. ఈసారి సూరత్ వెళ్లినప్పుడు ఆయన్ను వెతికి ఈ మాట చెప్పాలి. లింబాయత్ తెలుగు బడిలో ఈ ఏడు ఒకటో తరగతిలో ఎంతమంది చేరారో కూడా అడిగి రావాలి.