జనసంఖ్యయు ఊరి దారియు

ఊరి జనమును లెక్కించుట ఒక పని. ఊరికి దారి వేయుట మరియొక పని. ఈ రెంటికిని సంబంధమేమని శ్రోతలకు తోచవచ్చును. గోదావరి మండల చరిత్రను పరిశీలించినచో ఈ రెండును ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడచినవని తెలియును.

1821లో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి దిగినది. ఇరువది యేండ్లలో పెరుగవలసిన జనము ఇంచుమించు నాలుగవ వంతు తరిగిపోయినది. ఆ నడుమనే 1832-33 కరవు వచ్చినది. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచినది. కొందరు మరణించిరి, కొందరు ఊళ్లు విడిచిపోయిరి. జిల్లా దుఃస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో తన నివేదికను సమర్పించెను. శిస్తు పడిపోయినదన్న చింత కంపెనీవారికి లేకపోలేదు. ఏది యెట్లున్నను, తరిగిన జనసంఖ్య ఆనాడు పనిని ఆపుటకు గాక, ఆరంభించుటకు కారణమైనది.

1847లో ధవళేశ్వరమువద్ద మొదలైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానిని నిర్మించిన ఆర్థర్ కాటను దృష్టిలో కాలువ పొలమునకు నీరిచ్చునది మాత్రమే కాదు. పడవలు నడచు బాట కూడ. పంట పండుట యెంత ముఖ్యమో, పండినది అంగడికి చేరుటయు అంత ముఖ్యమని ఆయన వాదము. అందుచేత ప్రధానమైన కాలువలపై లాకులు కట్టిరి. ధాన్యపు పడవలు తెరచాప యెత్తి సాగెడివి. గాలి లేనినాడు మనుష్యులు గట్టువెంట నడచుచు తాటితో లాగెడివారు. 1891 నాటికి గోదావరి జిల్లా జనసంఖ్య ఇరువది లక్షలు దాటినది. నడుమ జిల్లా సరిహద్దులు మారినందున ఈ అంకెలను సరిగా సరిపోల్చలేము. అయినను డెల్టా మరల నిండినదనుటలో సందేహము లేదు.

అయితే ఈ భాగ్యము అందరికి సమముగా దక్కలేదు. కాలువ గట్టునున్న గ్రామము వేరు, నదీగర్భమందలి లంక వేరు. లంకవాసికి రేవే వీథి. పంటో పడవయో వాహనము. వరద వచ్చి పడవ ఆగినచో అరటి గెలలు ఒడ్డుననే మాగును. రోగియు, నిండు చూలాలును ఆ ఒడ్డుననే ఎదురుచూడవలెను.

వచ్చిన దారి నిలుచునన్న నమ్మకమును లేదు. 1928లో కాకినాడనుండి కోటిపల్లి రేవువరకు రైలుమార్గము పడినది. యుద్ధావసరములకై 1940లో పట్టాలను పెరికివేసిరి. మరల రైలు నడచినది 2004లో. అప్పటికి రెండు తరములు గడచినవి.

2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, జనసంఖ్యనే కొలబద్దగా గైకొన్నది. మైదానములలో 500 మంది, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 250 మంది ఉన్న ఆవాసములు అర్హములు. సొమ్ము పరిమితమైనప్పుడు ఏదో యొక హద్దు గీయక తప్పదు. ఆ పథకమువలన లెక్కకు మిక్కిలి పల్లెలకు బాట పడినది. కాని హద్దుకు ఈవల మిగిలిన చిన్న యూరి సంగతి యేమి? దారి లేదని పడుచువారు పట్టణమునకు తరలుదురు. బడి దూరమని తల్లిదండ్రులును కదలుదురు. తరువాతి లెక్కలో ఊరు మరికొంత చిక్కును. దారిలేమి జనమును తగ్గించును. జనము తగ్గెనని దారి రాదు.

తరిగిన అంకెను 1844లో వ్యాధి లక్షణముగా చదివిరి గనుకనే చికిత్స దొరికినది. నేడు చిన్న యూరి అంకెను చదువువారు కూడ, అక్కడ ఎందరున్నారని అడుగుటతో ఆగక, ఎందరు వెడలిపోయిరి, ఏల వెడలిపోయిరి అని అడుగవలసియున్నది.